మా అబ్బాయి చెబుతాడండీ

(కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక వైద్య దుబాసీ చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. వాళ్లను కారులో ఎక్కించుకుని ఇక్కడికి తీసుకొచ్చిన పిల్లలకూ నమస్కారం. పిల్లలంటే నలభై, యాభై ఏళ్ల పిల్లలు. శనివారం పూట పనులు మానుకుని వచ్చారు, సంతోషం.

నేను పన్నెండేళ్లుగా ఈ ప్రాంతపు ఆసుపత్రుల్లో తెలుగు దుబాసీగా పనిచేస్తున్నాను. డాక్టరు ఇంగ్లీషులో అడిగింది తెలుగులో చెప్పాలి, పెద్దవారు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో చెప్పాలి. ఒక మాట కలపకూడదు, ఒక మాట మింగకూడదు. దుబాసీ అన్న మాట కొందరికి పాతవాసన వేస్తుందేమో గానీ నాకు చాలా ఇష్టం. ఇంచుమించు రెండువందల ఏళ్ల కిందట మద్రాసు సుప్రీంకోర్టులో ఏనుగుల వీరాస్వామయ్యగారు చేసిన ఉద్యోగం ఇదే. సాక్షి చెప్పిన మాట చెప్పినట్టుగా న్యాయమూర్తి చెవిన పడాలంటే మధ్యలో అలాంటి మనిషి కావాలి. ఆసుపత్రి గదిలోనూ అంతే.

ఈ పన్నెండేళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న వాక్యం ఒకటుంది. డాక్టరు పెద్దాయన ముఖంలోకి చూసి "ఎక్కడ నొప్పి?" అని అడుగుతారు. నేను తెలుగులో చెబుతాను. పెద్దాయనకు అర్థమవుతుంది. అయినా తల పక్కకు తిప్పి కొడుకు వైపు చూసి, "మా అబ్బాయి చెబుతాడండీ" అంటారు. తన మోకాలి నొప్పి గురించి, తన నిద్ర గురించి, తన గుండె దడ గురించి అబ్బాయి చెబుతాడు. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ తల తిప్పడం గురించే.

ఒక సంగతి చెబుతాను. పేరూ ఊరూ చెప్పను. బడిపంతులుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరైన పెద్దమనిషి. మెడికేర్, అంటే ముఖ్యంగా అరవై ఐదు దాటినవారికి ఇక్కడి కేంద్ర ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా, ఉన్నవారికి ఏడాదికోసారి ఒక సమీక్ష ఉంటుంది. అందులో జ్ఞాపకశక్తిని కూడా చూస్తారు. నర్సు మూడు మాటలు చెబుతారు. అరటిపండు, సూర్యోదయం, కుర్చీ. తర్వాత కాగితం ఇచ్చి గడియారం బొమ్మ వేయమంటారు, ముల్లు పదకొండు గంటల పది నిమిషాల మీద పెట్టమంటారు. బొమ్మ అయ్యాక ఇందాకటి మూడు మాటలూ మళ్లీ చెప్పమంటారు. ఇంతే పరీక్ష. మూడు నిమిషాల పని.

పెద్దాయన గడియారం వేశారు. అంకెలన్నీ ఒక పక్కకే ఒరిగిపోయాయి. మాటల దగ్గరికి వచ్చేసరికి "అరటిపండు" అన్నారు, ఆగిపోయారు. కొడుకు మెల్లగా "సూర్యోదయం నాన్నా" అన్నాడు. "ఆ, సూర్యోదయం" అన్నారాయన. తర్వాత కొడుకు తను కూర్చున్న కుర్చీ చేతిని వేలితో తట్టాడు. "కుర్చీ" అన్నారు. మూడుకు మూడు.

ఆ అబ్బాయి ఎందుకలా చేశాడో మీకందరికీ తెలుసు. తండ్రి అందరి ముందు తడబడితే చూడలేకపోయాడు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పించుకున్న తండ్రి ఎదురుగా కూర్చుని మూడు మాటలు గుర్తు తెచ్చుకోలేకపోతుంటే ఏ కొడుకు ఊరుకుంటాడు? కానీ గదిలో వినబడిన ప్రతి మాటా డాక్టరుకు చేరవేయడం నా ధర్మం. అందుకని "రెండో మాట కుమారుడు అందించారు, మూడోదానికి కుర్చీ తట్టి చూపారు" అని చెప్పాను. ఆ అబ్బాయి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. డాక్టరు కోప్పడలేదు. కొడుకును బయట కూర్చోమని, వేరే మూడు మాటలతో మళ్లీ అడిగారు. ఈసారి ఒక్క మాటే వచ్చింది.

రక్తపరీక్ష చేయించారు. బి12 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంది. ఆయన శాకాహారి, పైగా చాలా ఏళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఆ మందు ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. శాకాహారులకు ముందే తక్కువ. బి12 బాగా తగ్గితే మతిమరుపు, తిమ్మిర్లు, నడకలో తూలడం వస్తాయి. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆయన మునుపటిలా అయిపోయారని నేను చెప్పను, కానీ తిమ్మిర్లు తగ్గాయి, మనిషి తేరుకున్నారు. ఆ రోజు మూడుకు మూడు అని రాసుకుని పంపేసి ఉంటే ఆ రక్తపరీక్ష జరిగేది కాదు.

ఇప్పుడు మన భాష సంగతి. నొప్పికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఆలోచించండి. పోటు ఉంది, సలుపు ఉంది, మంట ఉంది, గుంజడం ఉంది, పీకడం ఉంది, లాగడం ఉంది, జివ్వుమనడం ఉంది. పన్నుకు సలుపు, తలకు పోటు, పిక్కలు పీకుతాయి, నరం గుంజుతుంది. ఏ రకం నొప్పి అన్నదాన్ని బట్టి డాక్టరు ఆలోచన ఎటు వెళ్లాలో తేలుతుంది. మంట అంటే ఒక దారి, బరువు పెట్టినట్టుంది అంటే ఇంకొక దారి. ఇవన్నీ అబ్బాయి నోట్లో పడగానే ఒకే ఇంగ్లీషు మాట అవుతాయి. అబ్బాయి పదో తరగతి నుంచీ ఇంగ్లీషు మీడియం. సలుపుకూ పోటుకూ తేడా ఆయనకే సరిగ్గా తెలియదు, అది ఆయన తప్పు కాదు. "కళ్లు తిరుగుతున్నాయి" అన్న మాటను కంటి జబ్బుగా చెప్పేసి కళ్ల డాక్టరు దాకా వెళ్లివచ్చిన కుటుంబం నాకు తెలుసు. నిజానికి ఆ ఇంటి పెద్దావిడకు లేచి నిలబడగానే బీపీ పడిపోతోంది.

నాకూ పరిమితులున్నాయి. నేను కృష్ణా జిల్లా మనిషిని. మొదట్లో ఒక తెలంగాణ పెద్దమ్మ "పానం బాగాలేదు" అంటే ప్రాణం మీదికి వచ్చిందేమోనని కంగారుపడ్డాను. ఒంట్లో బాగోలేదని ఆవిడ మాట. తెలియనప్పుడు తెలియదని చెప్పి మళ్లీ అడగడం దుబాసీకి నేర్పుతారు. కొడుకుకు ఎవరూ నేర్పరు. అమ్మ మాట తనకు తెలియకపోవడమా అని మొహమాటపడి ఏదో ఒకటి చెప్పేస్తాడు.

ఇంకొక మాట మీద కాస్త ఆగుతాను. "కదా." చిన్న మాట. డాక్టరు అడుగుతారు, "గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, మనసు దిగులుగా ఉండడం జరిగిందా?" అని. కొడుకు దాన్ని తెలుగులో ఎలా అంటాడో తెలుసా? "అమ్మా, నువ్వు బాగానే ఉన్నావు కదా?" అంటాడు. ప్రశ్నలోనే జవాబు ఉంది. కొడుకు కదా అన్నాక కాదు అనే తల్లి మన ఇళ్లలో ఉంటుందా? "బాగానే ఉన్నా నాయనా" అంటుంది. కాగితం మీద సున్నా పడుతుంది.

అదే ప్రశ్నను ఒకసారి కొడుకు బయట ఉండగా ఒక తల్లిని డాక్టరు అడిగినట్టుగానే అడిగాను. ఆవిడ కాసేపు చేతిలోని రుమాలు మడిచారు, విప్పారు. "ఏమీ తోచదమ్మా" అన్నారు. "ఎనిమిదింటికి అందరూ వెళ్లిపోతారు. మళ్లీ ఆరింటికి వస్తారు. పలకరించే మనిషి ఉండదు. ఫోను చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి." తోచదు అన్న మాటను ఇంగ్లీషులో పెట్టడానికి నాకు నాలుగు వాక్యాలు పట్టింది. డాక్టరు కలం పక్కన పెట్టి విన్నారు.

ఒక తల్లి నాలుగేళ్లపాటు మూత్రం ఆపుకోలేని బాధను ఎవరికీ చెప్పలేదు. కొడుకుతో చెప్పించడం ఎలా? అల్లుడు పక్కన ఉంటే అసలే కుదరదు. మంచినీళ్లు తాగడం తగ్గించేశారు. దేవాలయానికి వెళ్లడం మానేశారు. లివర్‌మోర్ గుడికి నలభై నిమిషాల ప్రయాణం, దారిలో ఇబ్బంది అవుతుందని ఆవిడ భయం. ఇంట్లోవాళ్లు ఆవిడకు భక్తి తగ్గిందనుకున్నారు. కొన్ని వారాల వ్యాయామంతో, మందుతో చాలావరకు తగ్గే బాధ అది.

మరి దుబాసీని అడిగే హక్కు మనకుందా? ఉంది, గట్టిగా ఉంది. పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపకూడదని 1964 నాటి అమెరికా పౌరహక్కుల చట్టం చెప్పింది. భాష రానివారికి వైద్యం అందకుండా పోవడం కూడా ఆ వివక్ష కిందికే వస్తుందని తర్వాత స్పష్టమైంది. 2010లో వచ్చిన ఆరోగ్య బీమా చట్టంలో 1557వ విభాగం ఉంది. దాని ప్రకారం కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్కులు అర్హత ఉన్న దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. మెడికేర్ తీసుకునే ఆసుపత్రులన్నీ అందులోకి వస్తాయి. మీ వెంట మీరే మనిషిని తెచ్చుకోండి అని ఆసుపత్రి అనకూడదు. ప్రాణాపాయ సమయంలో తప్ప చిన్నపిల్లల చేత మాట్లాడించకూడదు. 2025 మార్చిలో ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చినప్పుడు చాలామంది పెద్దలు భయపడి నాకు ఫోను చేశారు. ఆ ఉత్తర్వు 2000 నాటి ఒక పాత ఉత్తర్వును రద్దు చేసింది. 1557 అనేది చట్టంలోని విభాగం, ఉత్తర్వుతో పోయేది కాదు.

అయితే హక్కు ఉందంటే దుబాసీ గదిలో వచ్చి కూర్చుని ఉంటారని కాదు. స్పానిష్, చైనా భాషల వాళ్లు దొరికినంత తేలికగా మనం దొరకం. ఎక్కువసార్లు ఫోనులోనో వీడియోలోనో ఉంటాం. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "తెలుగు దుబాసీ కావాలి" అని చెప్పి, ఆ మాట ఫైలులో రాయించాలి. చాలా ఫైళ్లలో పెద్దవాళ్ల భాష ఇంగ్లీషు అని ఉంటుంది. మొదటిరోజు ఆ కాగితం నింపింది అబ్బాయి.

పిల్లలూ, మీ మీద నాకు కోపం లేదు. మా అమ్మ ఇక్కడికి వచ్చిన మొదటి రెండేళ్లు నేనూ ఇదే చేశాను. వృత్తి దుబాసీని అయ్యుండి మా అమ్మ దగ్గర కూతురినైపోయాను. ఆవిడ "ఎడమ చెయ్యి లాగుతోంది" అంటే "రాత్రి అటు పక్క పడుకుంది లెండి" అని నేనే తేల్చేశాను. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. ఆ తర్వాత నుంచి అమ్మ గదిలోకి వేరే దుబాసీని పిలిపిస్తున్నాను. మీరు గదిలో ఉండండి, పెద్దవాళ్లు ఉండమంటే ఉండండి. కొడుకుగా, కూతురిగా ఉండండి. చెయ్యి పట్టుకోండి.

ఇప్పుడు అందరూ అడిగే బీమా సంగతి. "మా అబ్బాయి ఇరవై ఏళ్లుగా మెడికేర్ పన్ను కడుతున్నాడు, మాకెందుకు రాదు?" ఈ ప్రశ్న నెలకు రెండుసార్లయినా వింటాను. న్యాయమైన ప్రశ్నే. కానీ లెక్కలోకి వచ్చేది మీ సొంత పని లేదా మీ భార్యాభర్తల పని. నలభై త్రైమాసికాలు, అంటే సుమారు పదేళ్లు ఇక్కడ పనిచేసి ఉండాలి. పిల్లలు కట్టిన పన్ను తల్లిదండ్రుల ఖాతాలో పడదు. అరవై ఐదు దాటి, గ్రీన్ కార్డుతో వరుసగా అయిదేళ్లు ఇక్కడ నివసించినవారు మెడికేర్‌ను కొనుక్కోవచ్చు. 2025లో ఆసుపత్రి భాగానికి నెలకు 518 డాలర్లు, డాక్టర్ల భాగానికి 185 డాలర్లు. భార్యాభర్తలిద్దరికీ కలిపి నెలకు 1,406 డాలర్లు అయ్యేది. మందుల బీమా వేరే.

అయిదేళ్లు నిండే నెలకు మూడు నెలల ముందు నుంచి మూడు నెలల తర్వాత వరకు చేరే గడువు. దాటిపోతే డాక్టర్ల భాగానికి ఆలస్యమైన ప్రతి ఏడాదికీ పది శాతం చొప్పున రుసుము పెరుగుతుంది, అది ఆ బీమా ఉన్నంతకాలం పోదు. ఆ అయిదేళ్లలో ఊరికి వెళ్లి నెలల తరబడి ఉండిపోతే నివాసం తెగిందంటారేమో, వెళ్లేముందే కనుక్కోండి. ఈ లెక్కలు చూసి చెప్పడానికి కాలిఫోర్నియాలో హైక్యాప్ అనే ఉచిత సలహా సేవ ఉంది. వాళ్లు ఏ బీమానూ అమ్మరు. అందుకే నమ్మి వెళ్లమంటాను.

అయిదేళ్లు నిండేదాకా ఏం చేయాలి? 1996లో వచ్చిన కేంద్ర చట్టం కొత్తగా గ్రీన్ కార్డు వచ్చినవారికి మెడికెయిడ్‌ను, అంటే తక్కువ ఆదాయం ఉన్నవారి ప్రభుత్వ ఆరోగ్య బీమాను, అయిదేళ్లు ఆపింది. కాలిఫోర్నియా మాత్రం తన సొంత డబ్బు పెట్టి గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ నిరీక్షణ లేకుండా మెడి-కాల్, అంటే ఈ రాష్ట్రపు మెడికెయిడ్, ఇస్తోంది. టెక్సస్‌లో ఉన్న మీ తోబుట్టువులకు ఈ మాట చెప్పి ఆశపెట్టకండి, అక్కడ లెక్క వేరు. ఇక్కడ మీకు అర్హత ఉందో లేదో కౌంటీ కార్యాలయం తేలుస్తుంది, అడగండి. సందర్శకులుగా ఆరు నెలలకు వచ్చిన పెద్దలకు ఇవేవీ ఉండవు. కొని తెచ్చుకున్న ప్రయాణ బీమా పాత జబ్బులకు చాలావరకు పనికిరాదు. అయినా ఛాతీలో నొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా ఒక్క నిమిషం ఆలోచించకండి. 1986 నాటి చట్టం ప్రకారం అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రి ముందు పరీక్షించి, పరిస్థితి నిలకడ పడేలా చూడాలి. బిల్లు వస్తుంది, నిజమే. బిల్లును తర్వాత మాట్లాడుకోవచ్చు. తెల్లారేదాకా చూద్దామనుకుని కొడుకును లేపకుండా కూర్చున్న తండ్రులను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మందుల గురించి ఒక్క మాట. ఊరి నుంచి సంవత్సరానికి సరిపడా మాత్రలు తెచ్చుకుంటారు. ప్రయాణం వాయిదా పడితే సగం ముక్క చేసి వేసుకుంటారు. ఎవరికీ చెప్పరు. ఈ డాక్టరు బీపీ ఎక్కువుందని మోతాదు పెంచుతారు. దయచేసి మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. అక్కడి పేర్లు ఇక్కడి మందుల షాపులో తెలియవు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరే పనికొస్తుంది. మనం పారాసిటమాల్ అనేది ఇక్కడ ఎసిటమినోఫెన్. రెండూ ఒకటేనని తెలియక, జ్వరానికి అదీ నొప్పులకు ఇదీ వేసుకుని కాలేయం మీదికి తెచ్చుకోవద్దు.

ఇక చివరి సంగతి. ఖమ్మం వైపు నుంచి వచ్చిన డెబ్బై ఒకటేళ్ల ఆవిడ. అక్కడ ఉండగా ఒంటరిగా బస్సెక్కి విజయవాడ వెళ్లి, కంటి ఆపరేషనుకు రోజు ఖాయం చేసుకుని, పచ్చళ్లకు కారం కొనుక్కుని సాయంత్రానికి ఇల్లు చేరిన మనిషి. ఇక్కడికి వచ్చాక ఆవిడను ఎవరైనా తీసుకెళ్లాలి. రక్తపరీక్షకు కోడలు సెలవు పెట్టాలి. కోడలు సెలవు పెట్టాల్సి వస్తుందని పరీక్షే వాయిదా వేసేవారు. మూడుసార్లు వేశారు.

పార్కులో ఒక పంజాబీ ఆవిడతో పరిచయమైంది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఈవిడకు టీవీ హిందీ కొంచెం వచ్చు. ఫ్రీమాంట్ నగరపాలక సంస్థ ఆయా భాషల పెద్దలకే శిక్షణ ఇచ్చి, సాటి పెద్దలకు సేవలు చేరవేసే కమ్యూనిటీ అంబాసిడర్ల కార్యక్రమాన్ని ఏళ్ల కిందటే మొదలుపెట్టింది. ఆ పంజాబీ ఆవిడకు దాని ద్వారా బస్సు సంగతులు తెలుసు. అరవై ఐదు దాటినవారికి తక్కువ చార్జీతో క్లిప్పర్ కార్డు, అంటే ఇక్కడి బస్సుల్లో, రైళ్లలో చెల్లే చార్జీల కార్డు, ఇప్పించింది. మూడుసార్లు పక్కన కూర్చుని తీసుకెళ్లింది. ఎక్కడ దిగాలో గుర్తుకు ఒక పెట్రోలు బంకు, దాని తర్వాత ఎర్ర పైకప్పు ఇల్లు.

నాలుగోసారి ఆవిడ ఒక్కరే వెళ్లారు. పర్సులో ఇంటి చిరునామా రాసిన కాగితం, వీధి దాటేటప్పుడు చేతిలో గొడుగు. ల్యాబ్ కిటికీ దగ్గర కార్డు చూపించారు. వాళ్లు ఫోనులో దుబాసీని కలిపారు. ఆ ఫోను ఎత్తింది నేను. "ఎవరు వచ్చారమ్మా మీతో?" అని వాళ్లు అడగమన్నది అడిగాను. "ఎవరూ రాలేదు, నేనే వచ్చాను" అన్నారు. ఆ గొంతు వినవలసింది మీరు.

ఆవిడ చూపించిన కార్డే ఇవాళ తెచ్చాను. టీ బల్ల పక్కన ఉన్నాయి, మూడు వందలు అచ్చు వేయించాను. ఒక వైపు తెలుగులో "నేను తెలుగు మాట్లాడతాను. నాకు దుబాసీ కావాలి" అని ఉంది. రెండో వైపు అదే ఇంగ్లీషులో. పర్సులో పెట్టుకోండి, జేబులో పెట్టుకోండి, సంచిలో మాత్రల అట్టల పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు ప్రశ్నలు. మైకు ముందు వరుసలోకి ఇస్తున్నాను. అడిగేది పెద్దవాళ్లే అడగాలి. పిల్లలు వాళ్ల తరఫున అడగవద్దని కోరుతున్నాను. ఎంతసేపు ఆలోచించుకున్నా పరవాలేదు, నేను ఆగుతాను. అదిగో, పచ్చ శాలువా కప్పుకున్న అమ్మగారు చెయ్యెత్తారు. చెప్పండమ్మా.